గోదారి చీకట్లో వేడిని వెతికే కన్ను

వరద వచ్చినప్పుడు లంకల్లో ముందుగా పోయేది కరెంటు. నీళ్లు తీగల ఎత్తుకు వస్తుంటే సరఫరా ఆపక తప్పదు. సెల్ టవర్లు బ్యాటరీ ఉన్నంతసేపే పలుకుతాయి. ఆ తర్వాత గోదావరి మీద చీకటి ఎలా ఉంటుందో పి.గన్నవరం, మామిడికుదురు, అయినవిల్లి మండలాల లంకవాసులకు ఒకరు చెప్పక్కర్లేదు. 2022 జూలై 16న ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 17 లక్షలకే ఎగరేస్తారు. అంటే ఆఖరి హెచ్చరిక తర్వాత కూడా దాదాపు దానిలో సగం వరద అదనంగా వచ్చిపడింది. 1986 ఆగస్టులో వచ్చింది ఇంతకన్నా పెద్దది, 35 లక్షల క్యూసెక్కుల పైమాటే.

కోనసీమలో నీటి మీద ప్రాణం పోవడానికి అంత వరదే అక్కర్లేదు. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర గౌతమి పాయలో, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలున్న నాటుపడవ కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని తిరగబడింది. సాయంత్రం పూట. పొద్దుగూకడానికి మిగిలింది కాస్త సమయమే. ఇంకా వెనక్కి వెళ్తే, 1996 నవంబరు 6న తుపాను కోనసీమను తొక్కేసింది రాత్రివేళ. నీటి ప్రమాదంలో మొదటి గంటలు ఎంత విలువైనవో గోదారి ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. ఆ గంటలు చీకట్లో పడితే వెతుకులాట తెల్లారేదాకా ఆగిపోతుంది. నన్ను ఈ విషయం మీద కూర్చోబెట్టింది ఆ ఆగిపోయే గంటలే.

చీకట్లో మనిషి ఒంటి వేడిని పట్టి చూపించే థర్మల్ కెమెరాను జెట్ స్కీకో, హోవర్‌క్రాఫ్ట్‌కో బిగిస్తే ఆ గంటల్ని వెనక్కి తెచ్చుకోవచ్చా? వినడానికి సులువుగా ఉంటుంది. కెమెరా కొను, హ్యాండిల్ ముందు బిగించు, బ్యాటరీకి తీగ కలుపు. కానీ గోదావరి మీద ఈ పని అంత తిన్నగా సాగదు. ఎందుకు సాగదో తెలియాలంటే ఆ కెమెరా ఏం చూస్తుందో ముందు తెలియాలి.

సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు రంగు అవతల, కంటికి ఏమీ కనిపించని చోట ఉష్ణమాపకం పెట్టి చూసినవాడు విలియం హెర్షెల్. 1800లో. అక్కడ పాదరసం ఇంకా పైకెక్కింది. అలా దొరికినవే పరారుణ కిరణాలు. తర్వాత 1880 ప్రాంతంలో శామ్యూల్ లాంగ్లీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు బోలోమీటర్ అనే పరికరం చేశాడు. వేడి తగిలితే సన్నని లోహపు రేకు విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పును కొలిస్తే వేడి ఎంతో తెలుస్తుంది. పావు మైలు దూరంలో ఉన్న ఆవు ఒంటి వేడిని సైతం అది పసిగట్టగలదని చెప్పుకునేవారు. ఇవాళ్టి థర్మల్ కెమెరాలో ఉన్నదీ అదే సూత్రం. వనేడియం ఆక్సైడు పూసిన అతిసూక్ష్మమైన బోలోమీటర్లు లక్షల సంఖ్యలో ఒక చిన్న చిప్పు మీద వరసలు తీరి ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరో వంతు పైచిలుకు వెడల్పు. ఈ కెమెరాకు ఇతర వెలుగేమీ అక్కర్లేదు. వెన్నెలనో చుక్కల కాంతినో పెంచి చూపించే పాత రకం నైట్ విజన్‌కీ దీనికీ తేడా అదే. మబ్బు పట్టిన అమావాస్య నాడు కూడా ఇది పనిచేస్తుంది.

మనిషి చర్మం సుమారు 33 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆ వేడి దగ్గర ఒంటి నుంచి వెలువడే కిరణాల్లో ఎక్కువ బలమున్నవి 9.5 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి. 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య గాలి ఈ కిరణాలకు చాలావరకు దారి ఇస్తుంది. ప్రకృతి మనకిచ్చిన వరం అది. అయితే మామూలు గాజు వాటికి గోడే. అందుకే ఈ కెమెరాల కటకాలు జెర్మేనియంతో చేస్తారు. చూడ్డానికి అది ఉక్కుబిళ్లలా ఉంటుంది, వెలుతురును అసలు పోనివ్వదు, వేడి కిరణాల్ని మాత్రం పోనిస్తుంది. ధర ఎక్కువ కావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

గాజు సంగతి ఎంతో నీటి సంగతీ అంతే. ఈ కిరణాలు నీటిలో మిల్లీమీటరులో చిన్న భాగం కూడా దాటలేవు. కాబట్టి థర్మల్ కెమెరాకు నీటి అడుగున ఏముందో ఎప్పటికీ కనపడదు. మునిగిన మనిషిని, మునిగిన పడవను అది చూపలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన రాయల్ వశిష్ఠ పర్యాటక బోటును వెతకడానికి సోనార్ కావలసి వచ్చింది అందుకే. నీటి పైన తేలుతున్న ప్రాణం కోసమే థర్మల్ కెమెరా. చాలామంది దీని దగ్గరే పొరబడతారు, అందుకని గట్టిగా చెబుతున్నాను.

నీరు అడ్డుగోడ కావడంలో ఇంకో చిక్కు ఉంది. కటకం మీద పడ్డ ఒక్క చుక్క ఆ మేరకు కెమెరాను గుడ్డిదాన్ని చేస్తుంది. జెట్ స్కీ ముందుభాగం నిత్యం తుంపర్లలో తడుస్తూనే ఉంటుంది. హోవర్‌క్రాఫ్ట్‌ది ఇంకా కష్టం. అది నీటి మీద గాలిపరుపు వేసుకుని నడుస్తుంది, ఆ గాలి రబ్బరు లంగా అంచుల కిందనుంచి తన్నుకొచ్చి చుట్టూ నీటిపొగ లేపుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆ పొగ వాహనాన్నే కమ్మేస్తుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు, ఏరు సముద్రంలో కలిసే మొగల్లోకి వెళ్తే ఆ తుంపరలో ఉప్పు కూడా ఉంటుంది. కటకానికి గట్టి కార్బన్ పూత, నీరు నిలవకుండా జారే పూత, చుట్టూ చిన్న గొట్టం, మంచినీటితో కడిగే ఏర్పాటు... ఇవన్నీ ఉంటేనే కెమెరా పని కెమెరా చేస్తుంది. హోవర్‌క్రాఫ్ట్ అయితే ఆ పొగ మీదికి లేచేలా స్తంభం పెట్టి దాని కొసన బిగించాలి.

అసలు కథ మొదలయ్యేది వేడి తేడా దగ్గర. థర్మల్ కెమెరా వేడిని చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. ఉత్తర సముద్రంలో నీరు 10 డిగ్రీలుంటే, దానిలో తేలే తల 20 డిగ్రీల పైన తేడాతో దీపంలా వెలుగుతుంది. ఆగస్టులో గోదావరి నీరు అటూ ఇటూగా 28 డిగ్రీలు. గంటసేపు నీటిలో ఉన్న మనిషి చర్మం చల్లబడుతుంది, తడిసిన జుట్టు గాలికి ఆరుతూ ఇంకా చల్లబడుతుంది. ఒక్కోసారి జుట్టు నీటికన్నా చల్లగా ఉంటుంది. మిగిలేది ముఖం, మెడ. అక్కడ దొరికే తేడా మూడో నాలుగో డిగ్రీలు. మంచి కెమెరా డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడాను కూడా గుర్తించగలదు కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. కానీ విదేశీ సముద్రంలో తీసిన ప్రచార వీడియో చూసి మన ఏటిలో అలాగే కనిపిస్తుందనుకుంటే మోసపోతాం.

పైగా మన గాలిలో తేమ ఎక్కువ. దూరం పెరిగేకొద్దీ ఆ తేమ వేడి కిరణాల్ని తాగేస్తుంది. జోరువాన అయితే చెప్పనే అక్కర్లేదు, ప్రతి చినుకూ ఒక తెరే. రాత్రంతా ముసురు పట్టి ఉంటే చెట్టు, గట్టు, ఇల్లు, నీరు అన్నీ ఒకే వేడికి చేరుకుని తెర మీద బూడిదరంగు ముద్దగా కనిపిస్తాయి. మామూలు రోజుల్లో కూడా తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకేవేళ ఒకసారి నేల వేడీ నీటి వేడీ సమానమయ్యే ఘడియలుంటాయి. అప్పుడు ఒడ్డుకూ నీటికీ తేడా తెలియదు. చలికాలపు తేటరాత్రి మాత్రం లంక చల్లబడి, ఏరు వెచ్చగా మిగులుతుంది. అప్పుడు తెర మీద ఏరు తెల్లగా, ఇసుక నల్లగా కనబడి, పాయల ఆకారం పటంలా తేలుతుంది.

ఇప్పుడు దూరం లెక్క చూద్దాం. చిన్న పడవలకు సరిపడే మంచి కెమెరాలో అడ్డంగా 640 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు, కటకం 19 మిల్లీమీటర్లు అనుకుందాం. అది సుమారు 23 డిగ్రీల వెడల్పు చూపిస్తుంది. వంద మీటర్ల దూరంలో ఒక్కో పిక్సెల్ ఆక్రమించేది ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. నీటి పైన కనిపించే తల 20 సెంటీమీటర్లు. అంటే తల మొత్తం మూడు పిక్సెళ్లు. అక్కడేదో ఉంది అని చెప్పడానికి కనీసం రెండు పిక్సెళ్లు ఉండాలన్నది 1958లో జాన్సన్ అనే అమెరికా పరిశోధకుడు చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన మోటు లెక్క. దాని ప్రకారం ఈ కెమెరా తలను పట్టుకునేది 150 మీటర్ల లోపల. ఆ తల మనిషిదా, ఈదుతున్న కుక్కదా అని తేల్చాలంటే ఇంకా దగ్గరికి రావాలి. అదే కెమెరా డబ్బా మీద మనిషిని కిలోమీటరు దూరాన గుర్తిస్తుందని రాసి ఉండవచ్చు. అది అబద్ధం కాదు. ఆ లెక్క ఒడ్డున నిలబడ్డ నిలువెత్తు మనిషికి. పెంకుటింటి కప్పు మీద కూర్చుని ఎదురుచూస్తున్న కుటుంబానికి అది వర్తిస్తుంది. ఏటిలో కొట్టుకుపోతున్న మనిషికి వర్తించదు.

కదలిక దీనికి తోడు. ఈ సూక్ష్మ బోలోమీటర్లు వేడెక్కి చల్లారడానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. నిలకడగా ఉన్నప్పుడు అదేమంత కాదు. కానీ జెట్ స్కీ మలుపు తిరిగేటప్పుడు సెకనుకు 60 డిగ్రీల చొప్పున ముందుభాగం తిరిగిందనుకోండి. ఆ నూరో వంతు సెకనులోనే బొమ్మ 16 పిక్సెళ్ల మేర పక్కకు జరుగుతుంది. మూడు పిక్సెళ్ల తల 16 పిక్సెళ్ల మసకలో కలిసిపోతుంది. అల మీద ఎగిరి పడ్డప్పుడూ ఇదే జరుగుతుంది. ఎగుమతి ఆంక్షల వల్ల బజారులో తేలిగ్గా దొరికే విదేశీ కెమెరాలు చాలావరకు సెకనుకు తొమ్మిది బొమ్మలే ఇస్తాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య వాహనం మీటరుకు పైగా ముందుకు పోతుంది. దీనికి తోడు కెమెరా తన పిక్సెళ్లను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలకొకసారి లోపలి మూత మూసి తెరుస్తుంది. ఆ అరసెకను తెర కదలకుండా నిలిచిపోతుంది.

అంటే వేగంగా పోయే వాహనం మీద కెమెరా పెట్టి, వేగంగా వెతకడం కుదరదు. వెతకాలంటే నడక వేగానికి దిగాలి.

బిగింపు పని చేయగల మెకానిక్కులు రాజోలులోనూ అమలాపురంలోనూ ఉన్నారు, దానికి కొరత లేదు. కెమెరా తీసుకునే కరెంటు పది వాట్ల లోపే, 12 వోల్టుల బ్యాటరీ దానికి చాలు. ఇంజను అదురు కెమెరాకు చేరకుండా కింద రబ్బరు దిమ్మెలు వేయాలి. తీగల జాయింట్లు నీళ్లు చొరని రకం కావాలి. ఇంతవరకు సాధ్యమే. తెర ఎక్కడ పెట్టాలన్నది మాత్రం నిజంగా ఆలోచించాల్సిన విషయం. చీకటికి అలవాటు పడటానికి కంటికి అరగంట దాకా పడుతుంది. వెలుగుతున్న తెరను ఒక్కసారి చూస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. నడిపేవాడు తెర చూస్తూ తల ఎత్తితే ఎదురుగా ఉన్నది ఏదీ కనపడదు. కనుక తెర వెలుగు బాగా తగ్గించాలి, చూసేవాడు ఒకడూ నడిపేవాడు మరొకడూ అయి ఉండాలి. జెట్ స్కీ మీద రెండోవాడు వెనక కూర్చుంటాడు, వాడికి తెర అందదు. ఇదే నాకు ఈ ఆలోచనలో అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపిస్తుంది.

వాహనానికీ దాని లోపాలు దానికున్నాయి. జెట్ స్కీలో చుక్కాని ఉండదు. వెనకనుంచి చిమ్మే నీటిధారే దాన్ని తిప్పుతుంది. ఎదురుగా ఏదో కనపడి భయంతో చేయి వదిలేస్తే ధార ఆగుతుంది, ధార ఆగితే మలుపూ ఆగుతుంది. వరద గోదారిలో ఎదురొచ్చేవి ఏమిటి? వేళ్లతో లేచిన చెట్లు, కొబ్బరి మొద్దులు, గుర్రపుడెక్క తెట్టెలు, వలలు కట్టిన గెడలు, నీటికి జానెడెత్తున వేలాడే కరెంటు తీగలు. నానిన మొద్దుకు నీటి వేడే ఉంటుంది, థర్మల్ తెర మీద అది దాదాపు కనిపించదు. తీగ ఒక పిక్సెల్‌కు కూడా సరిపోదు. కాబట్టి ప్రాణాన్ని చూపించే కెమెరా ప్రమాదాన్ని చూపించదు. పక్కన మామూలు సెర్చిలైటు కూడా ఉండి తీరాలి. గుర్రపుడెక్క ధార గొట్టంలో ఇరుక్కుంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. జెట్ స్కీలు చాలావాటికి రాత్రి నడకకు కావలసిన ఎరుపు, ఆకుపచ్చ, తెల్ల దీపాలే ఉండవు. అమెరికాలో అనేక రాష్ట్రాలు పొద్దుగూకాక వాటిని నడపడాన్నే నిషేధించాయి.

హోవర్‌క్రాఫ్ట్‌కు ఈ బాధలు తక్కువ. క్రిస్టఫర్ కాకెరెల్ ఆలోచనతో తయారైన మొదటి పెద్ద హోవర్‌క్రాఫ్ట్ 1959లో ఇంగ్లీషు చానల్‌ను దాటింది. నీరు, బురద, ఇసుక, గుర్రపుడెక్క అన్నీ దానికి ఒకటే నేల. మన కోస్ట్ గార్డ్ దగ్గర గ్రిఫన్ 8000 రకం హోవర్‌క్రాఫ్ట్‌లు ఉన్నాయి, మండపం, జఖౌ లాంటి లోతు తక్కువ తీరాల్లో తిరుగుతాయి. పాయలు ఇసుకమేటలుగా చీలే కోనసీమకు, కోరింగ మడ అడవుల బురదకు చూడబోతే అలాంటిదే తగినది. కానీ దానికి బ్రేకు లేదు, పక్కగాలికి జారిపోతుంది. ఆగడానికి చాలా దూరం కావాలి. అంత దూరం ముందే చూడగల కన్ను దానికి మరీ అవసరం. పెద్దదానికి సిబ్బంది, మరమ్మతు, షెడ్డు, నిత్యం డీజిలు కావాలి. ఒక జిల్లా తన ఖర్చుతో పెట్టుకోగలిగింది కాదు.

మరి ఏం చేయాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కన్ను ఎత్తున ఉండాలి, కాళ్లు నీటిలో ఉండాలి. రెండూ ఒకే వాహనానికి కట్టనక్కర్లేదు.

నీటికి దగ్గరగా ఉన్న కెమెరాకు ఏటి పైభాగం అద్దంలా మారి ఆకాశాన్ని చూపిస్తుంది. అల వాలు మారినప్పుడల్లా వేరే ఆకాశపు ముక్క కనిపించి, తెర నిండా తెల్లా నల్లా చారలు పరుగెడతాయి. వాటి మధ్య మూడు పిక్సెళ్ల తల దొరకదు. అరమీటరు అల చాటున తల పూర్తిగా దాక్కుంటుంది కూడా. అదే పైనుంచి నిటారుగా చూస్తే నీరు తన వేడినే చూపిస్తుంది, అద్దంలా ఆకాశాన్ని తిరిగి చూపదు. చారలు పోతాయి, తల మిగులుతుంది. కోనసీమకు ఎత్తు ఉంది. బోడసకుర్రు దగ్గర వైనతేయ మీద, చించినాడ దగ్గర వశిష్ఠ మీద, ఎదుర్లంక దగ్గర గౌతమి మీద వంతెనలున్నాయి. ఎగువన కొట్టుకుపోతున్న మనిషి ఈ వంతెనల కిందినుంచి పోవాల్సిందే. అక్కడ వరద రోజుల్లో ఒక థర్మల్ కెమెరా, దాని ముందు ఇద్దరు మనుషులు, చేతిలో వాకీటాకీ. వంతెన దిగువన ఒడ్డున సిద్ధంగా ఇంజను పడవ. వాన తెరిపిచ్చినప్పుడు థర్మల్ కెమెరా ఉన్న డ్రోను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో విజయవాడ ఇళ్ల మీదికి డ్రోన్లతో ఆహారం పంపారు. చూసే పనికి వాటిని వాడడం దానికన్నా తేలిక.

జెట్ స్కీ పనికిరాదని కాదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పే గొంతు చెవిలో ఉంటే, లోతు తక్కువ పాయలో క్షణాల్లో చేరి మనిషిని పట్టుకోవడానికి దానికి సాటి లేదు. దాని మీద కెమెరా పెట్టదలిస్తే వెతకడానికి కాదు, ఆఖరి వంద మీటర్లలో మనిషి ఎటున్నాడో చూసుకోవడానికి పెట్టాలి. పడవ మీదినుంచే వెతకాల్సి వస్తే కెమెరా జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) వాడే రబ్బరు బోటు మీద, నాలుగైదు అడుగుల స్తంభం కొసన, తెర దగ్గర వేరే మనిషితో ఉండాలి. ఆ దళం పదవ బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. వాళ్లు లంకలకు చేరేసరికి పట్టే సమయంలో మొదటి సాయం అందించవలసింది మన మత్స్యకారులే. రాత్రి ఏరు ఎలా ప్రవహిస్తుందో తెలిసిన సరంగులు వాళ్లలోనే ఉన్నారు. ఆ తెర ముందు కూర్చోబెట్టి నేర్పవలసింది వాళ్లకే.

ఈ సాంకేతికత కోసం మనం దూరం పోనక్కర్లేదు. 1926లో ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీగా మచిలీపట్నంలో మొదలై, 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసిన కర్మాగారం దశాబ్దాలుగా సైన్యానికి చీకటిలో చూసే పరికరాలు చేస్తోంది. దాని కొత్త కర్మాగారాన్ని కృష్ణా జిల్లా నిమ్మలూరులో 2025 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. సరిహద్దులో సైనికుడికి దారి చూపే కటకం మన కోస్తాలోనే తయారవుతుంటే, అదే కోస్తాలో ఉన్న లంకల్లో వరద రాత్రి జనం టార్చిలైట్లతో వెతుక్కోవడం నాకు బాధ కలిగిస్తుంది.

కలెక్టరేటుకు, విపత్తుల నిర్వహణ సంస్థకు ఒకటే మనవి. కొనే ముందు, వరదలు రాకముందే, జూన్‌లో ఒక రాత్రి బోడసకుర్రు వంతెన దగ్గర పరీక్ష పెట్టండి. లైఫ్ జాకెట్ వేసుకున్న గజఈతగాణ్ని తాడు కట్టి నీటిలో దింపండి. జాకెట్ నురగ ఒంటి వేడిని దాచేస్తుంది కాబట్టి కెమెరాకు దొరికేది తలే అన్నది గుర్తుంచుకోండి. అమ్మకందారు తెచ్చిన ప్రతి కెమెరానూ వంతెన మీదినుంచి, పడవ మీదినుంచి, జెట్ స్కీ మీదినుంచి చూడండి. తేటరాత్రి ఒకసారి, వాన పడుతున్నప్పుడు ఒకసారి. తల ఎన్ని మీటర్ల దూరంలో కనబడిందో కాగితం మీద రాయండి. ఆ కాగితం చేతిలో లేకుండా టెండరు పిలవకండి.